తలుపు పక్క గోడ

కొత్త సంవత్సరం, మొదటి సోమవారం

నా మిల్లీమీటరుకి,

ఫోనులో అయితే ‘బాగున్నావా’, ‘బాగున్నా’తో మన మాట అయిపోతుంది. మూడేళ్ళుగా అదే జరుగుతోంది. అందుకని కాగితం తీశాను. గీత బల్ల దగ్గర నీ ఎత్తు స్టూలు ఇంకా అక్కడే ఉంది. నేను దాని మీద కూర్చోను. నా కాళ్ళు నేలకి అందవు, నీకు తెలుసుగా.

ఒక నిర్ణయం తీసుకున్నాను. ఈ ఏడాది మొదటి మూడు నెలలు కొత్త పని ఒప్పుకోను. ఇప్పటిదాకా మనం లోపలి పనులు చేసిన ఇళ్ళన్నిటికీ మేస్త్రీని వెంటబెట్టుకుని తిరిగి వెళ్తాను. ‘ఎలా ఉంది’ అని అడగను. ఆ ప్రశ్నకి అందరూ మర్యాదకి బాగుందనే అంటారు. ‘ఎక్కడ ఇబ్బందిగా ఉంది’ అని అడుగుతాను. బిగించాల్సింది బిగిస్తాం, విప్పాల్సింది విప్పుతాం, ఊరికే. బోర్డు మీద ‘ఇంటీరియర్స్’ అన్న మాట కింద ‘సేవ’ అని రాయించాను. మేస్త్రీ కిందనుంచి తలెత్తి చూసి, “పెద్ద మేడం, సేవ అని రాస్తే లోపల భోజనాలు పెడుతున్నారనుకుని వచ్చేస్తారు జనం” అన్నాడు. నిన్న నిజంగానే ఒకాయన వచ్చి, బెంచీ మీద కూర్చుని, చాలాసేపు ఓపిగ్గా ఎదురుచూశాడు. టీ ఇచ్చి పంపాను.

నీ చేతి రాతతో ఉన్న ఇళ్ళ పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. నాలుగు ఇళ్ళు అయ్యాయి. మొదటి ఇంట్లో వంటగదిలోకి వెళ్ళాను. ఆ ఇల్లాలు బకెట్ బోర్లించి దాని మీద నిలబడి పై అర అందుకుంటోంది. “ఇదేమిటమ్మా” అంటే, “మీరు కొలతలు తీసుకున్నప్పుడు ఇక్కడ నిలబడింది మా అత్తగారండీ. ఆవిడ తాటిచెట్టు. తీరా వంట చేసేది నేను” అంది. నవ్వుతూనే అంది. ఆరేళ్ళుగా బకెట్ ఎక్కుతూ, మనల్ని ఒక్క మాట అనలేదు. రెండో ఇంట్లో అద్దం కింద మనం దాచి పెట్టిన సొరుగు ఒకటి ఉందని ఆ ఇంటాయనకి ఇప్పటికీ తెలియదు. మేస్త్రీ వేలితో నొక్కితే తెరుచుకుంది. లోపల మేస్త్రీ పెన్సిలే ఉంది. “దీని కోసం మా బావమరిదితో అప్పట్లో మాటలు మానేశాను” అని చేతిలో పెట్టుకుని చూసుకుంటూ నిలబడ్డాడు.

చూశావా, మనం కట్టిన అందం మనకి కనపడుతుంది. అందులో ఉన్నవాళ్ళు పడే పాటు కనపడదు. పని అయిపోయిన రోజు ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. ఆ తరవాత వాళ్ళు ఉంటారు.

ఎవరింటికి వెళ్ళినా నేను ముందు చూసేది తలుపు పక్క గోడ. ఎందుకో నీకు తెలుసు. పుస్తకం చివరిదాకా తిరగేస్తూ ఒక పేజీ మాత్రం చదవకుండా తిప్పేశాను. అదీ నీకు తెలుసు. మేస్త్రీ కూడా చూశాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

పొద్దున ప్రార్థనకి కూర్చుంటే ఒక చప్పుడు వినిపిస్తుంది. అరచేత్తో ఎవరో గోడని తట్టినట్టు, రెండుసార్లు. లేచి చూస్తే ఎవరూ ఉండరు. ఇది మూడేళ్ళుగా ఉంది. నీకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సింది ఇంకా ఉంది. ఈ ఉత్తరంలో పట్టదు.

నీ బడిపిల్లలు బొమ్మలు బాగా వేస్తున్నారా? వాళ్ళ గీతలు వంకరపోతే మరీ కోప్పడకు.

నీ
పెద్దక్క


మూడో వారం, గురువారం

చెల్లీ,

ఇవాళ ఇరవై ఆరో పేజీ ఇంటికి వెళ్ళాను. టీచరమ్మగారి ఇల్లు.

వెళ్ళేదాన్ని కాదేమో. పాతిక ఇళ్ళూ అయిపోయాక నేను ఇరవై ఏడో పేజీ తియ్యబోతే, మేస్త్రీ పుస్తకం నా ముందు పెట్టి, “పెద్ద మేడం, వరసలో ఒక ఇల్లు తప్పింది. వరస తప్పితే చిన్న మేడం ఊరుకోదు” అన్నాడు. నువ్వు లేకపోయినా నీ భయం ఇంకా ఉంది ఇక్కడ.

టీచరమ్మగారి కోడలే తలుపు తీసింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇబ్బందులు ఏమైనా ఉంటే సరిచేద్దామని వచ్చానన్నాను. కాసేపు నా మొహం చూసి, “ఒకటి ఉందండీ, మీవల్ల అవుతుందేమో చూడండి” అని లోపలికి తీసుకెళ్ళింది. ఆవిడ గదికే.

గది మనం చేసినట్టే ఉంది. మీగడ రంగు గోడలు, కిటికీ కింద పొడుగు బల్ల, కొత్త మంచం. మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. ఎవరూ పడుకోరట. ఆ అమ్మాయి తలుపు పక్క గోడ చూపించింది. ఖాళీ గోడ. దాని మీద అరచెయ్యంత మరక. నూనె జిడ్డూ కాదు, మసీ కాదు. రోజూ మనిషి చెయ్యి తగిలితే పడే మరక. “రెండుసార్లు రంగు వేయించామండీ. నాలుగైదు నెలలకి మళ్ళీ వస్తుంది. చెమ్మ అన్నారు ఒకరు. చెమ్మ అయితే అక్కడొక్కచోటే ఎందుకు వస్తుంది? నేను ముట్టుకోను. ఆయనా ముట్టుకోనంటారు. ఈ గదిలోకి ఇంకెవరొస్తారు?” అంది. ఆ తరవాత గొంతు తగ్గించి, “ఆ రోజు నేను వంటగదిలో ఉన్నాను. గోడని రెండుసార్లు తట్టిన చప్పుడు వినిపించింది. అత్తయ్య ఏం చేస్తున్నారా అనుకున్నా. అంతలోనే పడిపోయిన చప్పుడు” అంది.

రెండుసార్లు. ఆ మాట ఆ ఆసుపత్రి వరండాలో కూడా చెప్పింది ఆ అమ్మాయి. అప్పుడు నువ్వు లేవు. నేను విన్నాను. అప్పటినుంచీ వింటూనే ఉన్నాను.

నేను దగ్గరికి వెళ్ళి నా చెయ్యి ఆ మరక మీద పెట్టాను. సరిపోయింది. మేస్త్రీ టేపు తియ్యబోతే వద్దన్నాను. ఆ చోటు నాకు కొలవక్కర్లేదు. చౌకట్టు నుంచి ఎంతో, నేల నుంచి ఎంతో నాకు కంఠతా వచ్చు. నీ చేతి అంకెల్లో.

ఇప్పుడు చెప్తాను. నెమ్మదిగా చదువు.

ఆ గది పని మొదలవ్వక ముందు నువ్వు కొలతలు తియ్యడానికి వెళ్ళావు. వచ్చి, తలుపు పక్కన ఉన్న పాత స్విచ్చి అక్కడే ఉండాలని డ్రాయింగు మీద ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టావు. ‘మార్చవద్దు’ అని రాశావు. రాశావు, చెల్లీ. నువ్వు మరిచిపోలేదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆ గదిలో నిలబడింది నేను. గోడ నున్నగా ఉండాలి, గోడ మీద ఏదీ కనిపించకూడదు, అదేగా మన పేరు. ఆ ఒక్క స్విచ్చి బోర్డు నా కంటికి మొహం మీద పులిపిరిలా కనిపించింది. పెద్దావిడ కదా, మంచం మీంచే లైటు వేసుకుంటుంది, లేచే పని ఉండదు అనుకున్నాను. మేలు చేస్తున్నాననే అనుకున్నాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మంచం పక్కకి మార్పించాను. పాతచోటు పూడ్పించాను. నీకు చెప్పలేదు. నువ్వు చూసినప్పుడు బాగుందంటావులే అనుకున్నాను.

పని అయ్యాక ఆవిడ ఆ గదిలోకి తిరిగి వచ్చిన మొదటి సాయంత్రమే పడింది. పొద్దు వాలాక లోపలికి అడుగుపెట్టి, ముప్ఫయ్యేళ్ళ అలవాటున చెయ్యి చాపింది. అక్కడ గోడే ఉంది. తడుముకుంటూ ఇంకో అడుగు వేసింది. కొత్త మంచం కోడు. తుంటి విరిగింది. నలభై రోజులు మంచాన ఉండి వెళ్ళిపోయింది.

ఆవిడ కొడుకు, ఆ అబ్బాయి, మన షాపుకి వచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. కేకలు వెయ్యలేదు. “మా అమ్మ మిమ్మల్ని ఒకే ఒక్కటి అడిగింది. అది కూడా గీయలేకపోయారా” అన్నాడు. నువ్వు లేచి నిలబడి, “డ్రాయింగు నాదేనండీ” అన్నావు. నేను పక్కనే ఉన్నాను. నా నోరు తెరుచుకోలేదు. అతను వెళ్ళాక నువ్వు ఆ డ్రాయింగు కోసం రెండు రోజులు షాపంతా వెతికావు. బీరువాల వెనక, పాత చుట్టల్లో. “సున్నా పెట్టానో లేదో గుర్తు రావట్లేదక్కా” అన్నావు. నేను “పోనీలే” అన్నాను.

అప్పటికి ఆ కాగితం నా ప్రార్థన పుస్తకంలో ఉంది. నాలుగు మడతలు పెట్టి.

అమ్మ పోయాక నీకు జడలు వేసిన చేతులే ఆ కాగితాన్ని దాచాయి. నెల తిరగకుండా నువ్వు పని మానేసి, బడిలో డ్రాయింగు టీచరుగా చేరి ఊరు మారిపోయావు. నేను ఆపలేదు. ఆపితే కారణం చెప్పాలి. రోజూ పొద్దున ఆ పుస్తకం తెరిచి ఆవిడ కోసం ప్రార్థన చేశాను, నీ కోసం చేశాను. ఒక్కరోజు కూడా ఆ కాగితం విప్పి ఎవరికీ చూపించలేదు. దేవుడికి చూపిస్తే చాలనుకున్నాను కాబోలు. ఆయనకి చూపించక్కర్లేదని యాభై దాటాక కూడా తెలియలేదు.

ఆ కాగితం ఈ కవరులో పెడుతున్నాను. నీది నీకు ఇచ్చేస్తున్నాను. క్షమించమని అడగను. అడిగితే నువ్వు సరే అంటావు. అది నాకు తెలుసు కాబట్టే అడగను.

పెద్దక్క


ఆ తరవాత వారం, ఆదివారం

చెల్లీ,

నీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు. రావాలని రాయడం లేదు. జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

మొన్న మళ్ళీ వెళ్ళాను, ఆ అబ్బాయి ఇంట్లో ఉండే వేళ చూసుకుని. ఒక్కదాన్నే వెళ్తానంటే మేస్త్రీ వినలేదు. “నేనూ ఆ గోడ పూడ్చడం చూసినవాణ్ణే కదా మేడం. నోరు మూసుకున్న పాపంలో నాకూ వాటా ఉంది” అన్నాడు. సామాన్ల సంచీ భుజాన వేసుకుని నాకంటే ముందు నడిచాడు.

ముందు గదిలో కూర్చోబెట్టారు. చీకటి పడుతోంది. నేను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చేతులు చూసుకుంటున్నాను. ఆ అబ్బాయే, “ఏవో మరమ్మతులు చేస్తున్నారట. అమ్మ గదిలో పని అయినప్పుడు మీరిచ్చిన కాగితాలు అక్కడే ఉన్నాయి, తెస్తాను” అని లేచాడు. నాకు తలుపు ఎదురుగా కనిపిస్తోంది. అతను గుమ్మం దాటాడు. లోపల మసక. అతని చెయ్యి లేచింది. తలుపు పక్క గోడని అరచేత్తో తట్టింది. ఒకసారి. రెండోసారి. చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగింది. తరవాత నాలుగు అడుగులు వేసి మంచం దగ్గరికి వెళ్ళి లైటు వేశాడు. కాగితాలు తీసుకుని వచ్చాడు. ఏమీ జరగనట్టు నా ఎదురుగా కూర్చున్నాడు.

ఆ చప్పుడే, చెల్లీ. నేను మూడేళ్ళుగా ప్రార్థనలో వింటున్నది.

అతని భార్య నా వైపు చూసింది. ఆ అమ్మాయికీ అప్పుడే అర్థమైంది. “మీరు రోజూ ఆ గదిలోకి వెళ్తారా?” అని అడిగింది మెల్లగా. “రోజూ ఎక్కడ? ఆఫీసు నుంచి వచ్చాక కిటికీ వెయ్యడానికి ఒకసారి” అన్నాడు. “గోడ ముట్టుకుంటారా?” “నేనెందుకు ముట్టుకుంటాను?” అన్నాడు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినవాడు. ఆ స్విచ్చి అందుకునేంత ఎత్తు పెరిగినప్పటినుంచీ అక్కడే వేశాడు. అతను మరిచిపోయాడు, అతని చెయ్యి మరిచిపోలేదు. వయసులో ఉన్నవాడి చెయ్యే మూడేళ్ళయినా ఆ ఖాళీ గోడని వెతుకుతోంది. ఆవిడకి నేను ఒక్క సాయంత్రం కూడా గడువివ్వలేదు.

అప్పుడు చెప్పాను. ఎక్కువ మాటలు లేవు. మీ అమ్మగారు అడిగింది మా చెల్లెలు గీసింది, మార్చింది నేను, కాగితం దాచింది నేను అన్నాను. అతను చేతిలో కాగితాలు పక్కన పెట్టాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. “ఆ అమ్మాయిని నేను అన్న మాట...” అన్నాడు, అక్కడితో ఆపాడు. ఆ మాట అతనికి ఇన్నాళ్ళూ గుర్తుంది. కాసేపటికి, “ఆవిడ ఎక్కడున్నారు ఇప్పుడు?” అని అడిగాడు. చెప్పాను. “మిమ్మల్ని ఏమనాలో నాకు తెలియట్లేదండీ. ఇవాళ ఏమీ అనలేను. ఆ స్విచ్చి ఉన్నచోట పెట్టించి వెళ్ళండి” అన్నాడు.

మేస్త్రీ అప్పుడే సంచీ విప్పాడు. మరక ఉన్నచోట ఉలితో తట్టి పూత విప్పితే లోపల స్విచ్చి బోర్డు పాత గూడు అలాగే ఉంది. వైరు గొట్టం కూడా ఉంది. నిన్న పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త వైరు లాగి, ఆ గూట్లోనే బోర్డు బిగించాడు. మరకలో చాలామటుకు బోర్డు కిందకి పోయింది, పైన వేలెడు అంచు మాత్రం మిగిలింది. దానికి రంగు వేస్తానంటే ఆ అమ్మాయి వద్దంది, ఉండనివ్వమంది.

సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. అతను ఆఫీసు నుంచి వచ్చి గదిలోకి వెళ్ళాడు. చెయ్యి చాపాడు. లైటు వెలిగింది. గుమ్మంలోనే నిలబడిపోయాడు. భార్య వెళ్ళి పక్కన నిలుచుంది. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఇవాళ ప్రార్థనకి కూర్చున్నాను. చప్పుడు వినిపించలేదు. దాన్ని వెతుక్కుంటూ కూర్చున్నాను. అది లేకపోతే నాకు ఇప్పుడు ఎవరూ లేనట్టుంది. ఇది కూడా నీకే చెప్తున్నాను.

పెద్దక్క


శుక్రవారం

పెద్దక్కా,

రెండో ఉత్తరం చదివి జవాబు రాయలేదు. రాస్తే అబద్ధం రాయాలి, లేకపోతే నిజం రాయాలి. రెంటికీ చెయ్యి రాలేదు. మూడోది వచ్చాక ఇంక తప్పలేదు.

నువ్వు పంపిన కాగితం అందింది. నాలుగు మడతలూ చిరిగిపోయే దశకి వచ్చాయి. నీ అగరుబత్తి వాసన పట్టేసింది. ఇప్పుడు నా దగ్గర ఆ డ్రాయింగులు రెండున్నాయి. అక్కా, నేను ఒక్క కాపీయే గీస్తానని ఎలా అనుకున్నావు? సైటుకి ఒకటి, నాకొకటి. మొదటి రోజు నుంచీ అంతే. నీకు తెలుసు, ఆ రోజు భయంలో నీకు గుర్తు రాలేదు. నాది ఆ రోజు కూడా నా సంచీలోనే ఉంది. ఎర్ర సున్నాతో సహా.

రెండు రోజులు షాపంతా వెతికింది కాగితం కోసం కాదు. నువ్వు తీసి ఇస్తావని. బీరువా వెనక చెయ్యి పెట్టి అరగంట ఉన్నాను, నువ్వు ‘ఇంక చాలు లేవే’ అంటావని. నువ్వు ‘పోనీలే’ అన్నావు. నేను ఊరు వదిలింది అతనన్న మాటకి కాదు. రోజూ పొద్దున నువ్వు ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, అంచున నా డ్రాయింగు కాగితం మడత చూసి, అందులో ఏముందో తెలిసి పక్క గదిలో పళ్ళు తోముకోవడం నావల్ల కాలేదు. నువ్వు నాకు అమ్మవి. అమ్మ దొంగతనం చూసిన పిల్ల ఎక్కడ నిలబడుతుంది?

మూడేళ్ళు నువ్వు చెప్పాలని చూశాను. చెప్పావు. ఇప్పుడు నా వంతు.

కొలతలకి వెళ్ళిన రోజు టీచరమ్మగారు నన్ను గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. “నాకు పొద్దు వాలితే ఏమీ కనపడదే తల్లీ. ఏడాది అయింది. వీళ్ళకి తెలిస్తే నన్ను గుమ్మం దాటనివ్వరు. ఈ స్విచ్చి ఒక్కటి ఇక్కడ ఉంచితే ఇంకో పదేళ్ళు లాగేస్తాను. ఎవరికీ చెప్పనని మాటివ్వు” అని చెయ్యి చాపింది. చేతిలో చెయ్యి వేశాను. నా చెయ్యి వదలకుండానే గోడ దగ్గరికి వెళ్ళి, చూడకుండా రెండుసార్లు తట్టి స్విచ్చి వేసి, “చూశావా, దొరలాగా” అని నవ్వింది. ఆ చప్పుడు నాకూ వినిపిస్తుందక్కా. నీ ఒక్కదానికే అనుకోకు.

వచ్చి ‘మార్చవద్దు’ అని రాశాను. ఎందుకు మార్చవద్దో రాయలేదు. నీకు కూడా చెప్పలేదు. ఇచ్చిన మాట పెద్దదనుకున్నాను. ‘ఆవిడకి చీకట్లో కనపడదు’ అని ఆ సున్నా పక్కన మూడు మాటలు రాసి ఉంటే నువ్వు ఆ గోడ ముట్టుకునేదానివా? నేను స్విచ్చిని గీశాను, మనిషిని రాయలేదు. నువ్వు కాగితం దాచావు. నేను కారణం దాచాను. ‘డ్రాయింగు నాదేనండీ’ అని నేనన్నది నిన్ను కాపాడడానికి అని నువ్వు అనుకుంటావేమో. సగమే. మిగతా సగం నిజమే కాబట్టి అన్నాను.

ఈ సంగతి ఆ అబ్బాయికి నేనే చెప్పాలి. నువ్వు చెప్పకు. బడికి సెలవు పెట్టాను. సోమవారం పొద్దున బండికి వస్తున్నాను. స్టూలు మీద దుమ్ము దులిపించు.

ఇంకొకటి. బోర్డు పాత గూట్లోనే పెట్టారన్నావు. మరక పైన వేలెడు మిగిలిందన్నావు. అది ఎందుకు మిగిలిందో మీ ఇద్దరికీ తట్టలేదా? ఆ గదిలో పాత నేల తియ్యకుండా దాని మీదే కొత్త పలకలు పరిచాం. ఇరవై రెండు మిల్లీమీటర్లు. నేల లేస్తే మనిషీ లేస్తాడు. గూడు లేవదు. అతని చెయ్యి ఇప్పుడు స్విచ్చి పైఅంచుకి తగులుతూ ఉంటుంది. నేను వచ్చేదాకా చుట్టూ పూత పూయించకు. ఇరవై రెండూ పైకి జరపాలి. మేస్త్రీకి చెప్పు, ఈసారి పక్కనే నిలబడి కొలిపిస్తానని.

నీ
మిల్లీమీటరు